ఉక్కు వంతెన మీద నాదసాధన

లోకమంతా మెచ్చుకున్న రికార్డు అది. దాన్ని వాయించిన యువకుడికి మాత్రం తృప్తి కలగలేదు. అతడు వేదిక దిగి, రెండేళ్లకు పైగా ఒక వంతెన మీద అభ్యాసం చేశాడు.

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలించిన రోజు అది. నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న ఆ ప్రాంతం ఆనాడు మధ్యప్రదేశ్‌లో ఉండేది. బతుకుతెరువు వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి తరలివచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వచ్చి అక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

కొలిమి పనిలో చేరిన వారెవరైనా మొట్టమొదట తెలుసుకునే సంగతి ఒకటుంది. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి ధగధగలాడుతూ పారి వచ్చేది ఉక్కు కాదు, ఇనుము. కళ్లు మిరుమిట్లు గొలిపే ఆ ద్రవంలో నూటికి సుమారు నాలుగు పాళ్లు కర్బనం ఉంటుంది. చల్లారిన తరువాత అది పెళుసు. గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. దాన్ని మళ్లీ కాచి, అధికంగా ఉన్న కర్బనాన్ని దహించి, మలినాలను తొలగించాలి. అప్పుడుగాని అది రైలుబండి బరువును మోసే పట్టా కాజాలదు.

ఆ సంవత్సరమే వేసవిలో, భిలాయికి వేలాది మైళ్ల దూరాన ఉన్న న్యూయార్కు నగరంలో ఒక యువకుడు తన విద్యను మళ్లీ కొలిమిలో పెట్టాలని నిశ్చయించుకున్నాడు. అతని పేరు సానీ రోలిన్స్. వయస్సు ఇరవై ఎనిమిదేళ్లు. వాయిద్యం శాక్సఫోను. మూడేళ్ల క్రితం అతడు వాయించిన ఒక రికార్డు అతణ్ణి జాజ్ సంగీతంలో అగ్రశ్రేణికి చేర్చింది. ఆ రికార్డు పేరు ‘శాక్సఫోన్ కొలోసస్’. ‘శాక్సఫోను మహాకాయుడు’ అని దాని భావం. ఆ పేరు తనకు తగినదేనా అన్న సందేహం ఆ మహాకాయుణ్ణి నిద్రపోనివ్వలేదు.

ఇత్తడి ఒడలు, రెల్లు నాలుక

శాక్సఫోను తెలుగువారికి కొత్తది కాదు. పెళ్లి ఊరేగింపులలో బ్యాండు మేళం వెంట నడిచినవారు, సినిమా పాటలు విన్నవారు దాని గొంతును గుర్తుపడతారు. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ శాక్స్ దీన్ని రూపొందించి 1846లో పారిస్‌లో పేటెంటు పొందాడు. దాని ఒడలు ఇత్తడిదే అయినా, నాదం పుట్టేది నోటి దగ్గర అమర్చిన రెల్లు పీకలో. ఊదినప్పుడు ఆ రెల్లు నాలుకలా కంపిస్తుంది; ఆ కంపనాన్ని ఇత్తడి గొట్టం పెంచి వినిపిస్తుంది. మన నాదస్వరంలోనూ నాదానికి మూలం రెల్లు పీకే. అందువల్లనే పాశ్చాత్యులు దీన్ని ఇత్తడి వాయిద్యాలతో కాక, పిల్లనగ్రోవి, క్లారినెట్లతో ఒకే వర్గంలో చేర్చారు.

ఈ వాయిద్యం మీద త్యాగరాజ కృతులు పలికించవచ్చునని నిరూపించినవారు కర్ణాటకకు చెందిన కద్రి గోపాలనాథ్. మైసూరు రాజభవనపు బ్యాండులో శాక్సఫోను విని ముగ్ధులైన ఆయన, దాన్ని గమకాలకు లొంగదీయడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. 1994లో లండన్‌లో బి.బి.సి. ప్రామినేడ్ కచేరీలలో వాయించారు. 2004లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. 2019లో ఆయన కన్నుమూసేనాటికి శాక్సఫోను దక్షిణాది కచేరీ వేదికకు సొంతమైపోయింది.

జాజ్‌లోనూ కర్ణాటక సంగీతంలోలాగే మనోధర్మానికి పెద్దపీట. మన విద్వాంసుడు రాగాన్ని, తాళాన్ని ఆధారం చేసుకుని కల్పనస్వరాలు పాడతాడు. జాజ్ విద్వాంసుడు ఒక పాటను, ఆ పాట కింద నడిచే స్వరసమ్మేళనాల వరుసను ఆధారం చేసుకుంటాడు. వరుస మారదు, దాని మీద అతడు అల్లే స్వరాలు మాత్రం ప్రతిసారీ కొత్తవి. ఈ కల్పనను ఒక మేధావిద్యగా మలచిన తరం 1940లలో వచ్చింది. న్యూయార్కులో నల్లజాతివారి పేట అయిన హార్లెంలో, మింటన్స్ ప్లేహౌస్ వంటి చోట్ల, కొందరు యువకులు రాత్రివేళ కలుసుకుని వాయించేవారు. వారు సృష్టించిన ధోరణికి బీబాప్ అనే పేరు వచ్చింది. అంతవరకు జాజ్ ప్రధానంగా నృత్యానికి తోడు సంగీతం. బీబాప్ అడుగులు వేయడానికి కాక, చెవి ఒగ్గి వినడానికి పుట్టింది. దాని వేగం, దాని చిక్కుదనం అసాధారణం. ఆ ధోరణికి ఆరాధ్యదైవం చార్లీ పార్కర్ అనే శాక్సఫోను విద్వాంసుడు.

గురువు కళ్లలో వేదన

సానీ రోలిన్స్ 1930 సెప్టెంబరు 7న హార్లెంలోనే పుట్టాడు. తల్లిదండ్రులు కరీబియన్ సముద్రంలోని వర్జిన్ దీవుల నుంచి వచ్చినవారు. శాక్సఫోను మహావిద్వాంసుడు కోల్మన్ హాకిన్స్ నివాసం కూడా ఆ చుట్టుపక్కలే. బాలుడైన రోలిన్స్ ఆయన సంతకం కోసం ఇంటి మెట్ల దగ్గర కాచుకుని కూర్చునేవాడు. ఇరవై ఏళ్లు నిండకముందే అతడు పెద్దల సరసన రికార్డులకు వాయించాడు.

కాని ఆ తరాన్ని ఒక శాపం వెన్నాడింది. పార్కర్ హెరాయిన్‌కు బానిస. ఆయన వాయించినట్లు వాయించాలంటే ఆయన బతికినట్లు బతకాలని ఎందరో యువకులు భ్రమపడ్డారు. రోలిన్స్ కూడా ఆ ఊబిలో దిగాడు. 1950లో సాయుధ దోపిడీ నేరం మీద అరెస్టై, దాదాపు పది నెలలు జైలులో గడిపాడు.

1953 జనవరిలో మైల్స్ డేవిస్ రికార్డింగు ఒకదానిలో గురువు, శిష్యుడు ఇద్దరూ పాల్గొన్నారు. రోలిన్స్ అప్పటికీ మత్తును వదలలేదన్న సంగతి పార్కర్‌కు అక్కడే తెలిసింది. తన దురలవాటును చూసి ఒక ప్రతిభావంతుడు చెడిపోవడం ఆయనను కలచివేసింది. ఆ ముఖంలోని బాధను చూసిననాడే మత్తు మానివేయాలని సంకల్పించుకున్నానని రోలిన్స్ తరువాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పాడు.

సంకల్పం వేరు, సాధించడం వేరు. 1955లో అతడు కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ఉన్న ప్రభుత్వ చికిత్సాలయంలో స్వయంగా చేరాడు. బయటికి వచ్చాక షికాగోలో కాయకష్టం చేసి పొట్టపోసుకున్నాడు. పాత స్నేహితులు, పాత ప్రలోభాలు ఎదురయ్యే సంగీతశాలలకు కొంతకాలం దూరంగా ఉన్నాడు. తాను విముక్తుడనయ్యానని చార్లీ పార్కర్‌కు చూపించాలని అతని కోరిక. అది తీరనే లేదు. 1955 మార్చి 12న పార్కర్ ముప్పై నాలుగేళ్లకే మరణించాడు.

ఆ ఏడాది చివర రోలిన్స్ మళ్లీ వేదిక ఎక్కాడు. డ్రమ్ములు వాయించే మాక్స్ రోచ్, ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్ కలిసి నడుపుతున్న బృందంలో అతడు చేరాడు. బ్రౌన్‌ది రోలిన్స్ వయస్సే. మత్తు జోలికి పోడు, మాట మృదువు, అభ్యాసం నిత్యం. సత్ప్రవర్తనతో బతుకుతూ కూడా జాజ్ మహాద్భుతంగా వాయించవచ్చునని రోలిన్స్‌కు కళ్లకు కట్టినట్లు చూపిన మిత్రుడు అతడే.

నలభై నిమిషాల అద్భుతం

1956 జూన్ 22. న్యూజెర్సీ రాష్ట్రంలోని హాకెన్‌సాక్ అనే చిన్న పట్టణం. అక్కడ రూడీ వాన్ గెల్డర్ అనే కళ్లద్దాల నిపుణుడు తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదినే రికార్డింగు శాలగా మార్చుకున్నాడు. పగలు కంటి పరీక్షలు, తక్కిన వేళల్లో నాదం పరీక్షలు. ఆ గదిలో నలుగురు సమావేశమయ్యారు: శాక్సఫోనుతో రోలిన్స్, పియానో ముందు టామీ ఫ్లానగన్, బాస్ తంత్రీవాద్యంతో డగ్ వాట్కిన్స్, డ్రమ్ముల వెనుక మాక్స్ రోచ్. ప్రెస్టీజ్ కంపెనీ కోసం ఒక్కరోజులో ఐదు అంశాలు వాయించారు. మొత్తం దాదాపు నలభై నిమిషాల సంగీతం.

మొదటిది ‘సెయింట్ థామస్’. తల్లి పాడుతుండగా రోలిన్స్ చిన్ననాట విన్న ఒక దీవుల బాణీ అది. ఆమె పుట్టిన దీవి పేరే దానికి పెట్టాడు. ఉల్లాసంగా గెంతులు వేసే ఆ బాణీ అయిపోగానే రోలిన్స్ కల్పన ప్రారంభిస్తాడు, కేవలం రెండు స్వరాలతో. ఆ రెండింటినే ఒకసారి ముందుకు జరుపుతాడు, ఒకసారి వెనుకకు లాగుతాడు, తాళంతో దోబూచులాడతాడు. కొత్తగా వినేవారికి సైతం అతడు చేస్తున్నదేమిటో సులభంగా అర్థమవుతుంది. అలా విశ్వాసం సంపాదించుకున్న తరువాతనే స్వరాల జడివాన కురిపిస్తాడు.

రెండవది ఒక విషాద ప్రేమగీతం. అందులో అతని నాదం బరువుగా, నిదానంగా సాగుతుంది. మూడవది ‘స్ట్రోడ్ రోడ్’. షికాగోలో ఫ్రెడీ వెబ్‌స్టర్ అనే ట్రంపెట్ విద్వాంసుడు అర్ధాయుష్షుతో మరణించిన హోటలు పేరు అందులో దాగి ఉంది. నాలుగవది జర్మనీ నాటకకర్త బ్రెహ్ట్, స్వరకర్త వైల్ కలిసి 1928లో ప్రదర్శించిన సంగీతనాటకంలోని ఒక పాట ఆధారంగా నడుస్తుంది.

ఐదవదైన ‘బ్లూ సెవెన్’ పదకొండు నిమిషాలకు పైబడినది. ముందుగా బాస్ ఒక్కటే అడుగులో అడుగు వేస్తూ వస్తుంది. దాని మీద రోలిన్స్ ఒక చిన్న, వింతైన స్వరపదాన్ని నిలుపుతాడు. ఆపైన అతడు వాయించినదంతా ఆ పదం నుంచి మొలకెత్తినట్లే ఉంటుంది. మన గాయకుడు నెరవులో ఒకే పంక్తిని పట్టుకుని దాని లోపలి అందాలన్నీ వెలికి తీసిన విధంగా, అతడు ఆ చిన్న పదాన్ని విరిచి, సాగదీసి, తలకిందులు చేసి, మళ్లీ మొదటికి తెస్తాడు. మాక్స్ రోచ్ తనివంతు వచ్చినప్పుడు అదే పద్ధతిలో రెండు మూడు లయపదాలతోనే ఒక కట్టడం నిర్మిస్తాడు.

అయితే రికార్డు వెలువడక ముందే పిడుగుపాటు తగిలింది. రికార్డింగు జరిగిన నాలుగు రోజులకే, జూన్ 26 రాత్రి, పెన్సిల్వేనియా రహదారిలో వాన కురుస్తుండగా ఒక కారు అదుపు తప్పింది. అందులో ఉన్న క్లిఫర్డ్ బ్రౌన్, అదే బృందంలో పియానో వాయించే రిచీ పావెల్, అతని భార్య నాన్సీ ముగ్గురూ మరణించారు. బ్రౌన్‌కు అప్పటికి ఇరవై అయిదేళ్లు. చెడు దారిలో నడిచిన గురువు పోయాడు, మంచి దారిలో నడిచిన మిత్రుడూ పోయాడు. ఆ దారిని నిలబెట్టే బాధ్యత మిగిలినవాడి మీద పడింది.

పొగడ్త అనే బరువు

రికార్డు విడుదలై ప్రశంసలు వెల్లువెత్తాయి. 1958లో గుంథర్ షుల్లర్ అనే స్వరకర్త, విమర్శకుడు ‘బ్లూ సెవెన్’ను స్వరం స్వరంగా పరిశీలించి ఒక దీర్ఘవ్యాసం ప్రకటించాడు. అప్పటికప్పుడు పుట్టిన కల్పనలో ఇంత పొందికైన నిర్మాణం ఉండడం జాజ్ చరిత్రలోనే ఒక మలుపు అని అతని వాదం. ఆ వ్యాసం నేటికీ సంగీత విద్యార్థులకు పాఠ్యమే.

కళాకారుడికి ఇంతకంటె ఏం కావాలి? కాని రోలిన్స్‌కు ఆ పొగడ్త భారమైంది. తాను సహజంగా చేసినదాన్ని మరొకరు విప్పి చూపించిన తరువాత, వాయిస్తున్నంతసేపూ తనను తానే గమనించుకోవడం ఇబ్బందిగా ఉండేది. ఎక్కడికి వెళ్లినా పేరు ముందు వెళ్లి కూర్చునేది. జనం ఆశించినంతగా తాను వాయించలేకపోతున్నానని అతని అంతరాత్మ ఘోషించింది. టిక్కెట్టు కొని వచ్చినవారిని నిరాశపరచడం అతని దృష్టిలో మోసం. 1959 వేసవిలో అతడు కచేరీలు, రికార్డింగులు సమస్తం ఆపివేశాడు. ఆదాయం ఆగిపోయింది. ఇల్లు గడవడానికి జీవనసహచరి లూసిల్ ఉద్యోగం చేసింది. 1965లో వారు వివాహం చేసుకున్నారు.

అభ్యాసం చేద్దామంటే మరొక చిక్కు వచ్చింది. అతడు ఉండేది మన్‌హాటన్ దక్షిణపు అంచున, గ్రాండ్ స్ట్రీటులోని ఇరుకు ఇళ్లలో. శాక్సఫోను గొంతు నాలుగు గోడల మధ్య ఇమిడేది కాదు. పొరుగింట ఒక గర్భవతి ఉండేది. ఆమెను బాధించడానికి మనసొప్పక అతడు స్థలం కోసం వెతికాడు. ఒకనాడు నడుస్తూ నడుస్తూ విలియమ్స్‌బర్గ్ వంతెన మెట్లు ఎక్కాడు.

ఈస్ట్ రివర్ మీద 1903లో తెరచిన ఆ వేలాడే వంతెన ఆనాటికి ప్రపంచంలో అటువంటివాటిలో అతి పొడవైనది. రెండు ఉక్కు గోపురాల నడుమ దూరం 1,600 అడుగులు. దాని మీద కార్లు పోతాయి, రైళ్లు పోతాయి. పాదచారులకు వేరుగా ఎత్తైన దారి ఉంది. అక్కడ ఎంత గట్టిగా ఊదినా అడ్డుచెప్పేవారు లేరు. రైలు రొదను మించి వినిపించాలంటే ఊపిరి బిగించాలి. కింద నదిలో పడవలు కూత వేస్తే అతడు శాక్సఫోనుతో బదులు చెప్పేవాడు.

ఎండలో, వానలో, చలికాలపు ఈదురుగాలిలో ఆ అభ్యాసం సాగింది. ఒక్కొక్క రోజు పద్నాలుగు, పదిహేను గంటలపాటు వాయించిన సందర్భాలున్నాయి. దారిన పోయేవారిలో ఎక్కువమంది అతనెవరో ఎరగరు. చప్పట్లు లేవు, విమర్శలు లేవు. 1961లో ఒక సంగీత పత్రికలో వ్యాసం పడిన తరువాతనే, మాయమైన మహాకాయుడు వంతెన మీద ఉన్నాడన్న వార్త లోకానికి పొక్కింది.

తిరిగి వచ్చినవాడు

1961 నవంబరులో రోలిన్స్ మళ్లీ వేదిక ఎక్కాడు. మరుసటి సంవత్సరం ఆరంభంలో గిటారు విద్వాంసుడు జిమ్ హాల్ తోడుగా వాయించిన రికార్డుకు ‘ది బ్రిడ్జ్’ అని పేరు పెట్టాడు. అంటే వంతెన. రెండేళ్ల అజ్ఞాతవాసం తరువాత అతడు ఏదో సరికొత్త శైలితో విప్లవం తెస్తాడని ఎదురుచూసిన కొందరు విమర్శకులు పెదవి విరిచారు. పాత రోలిన్సే కదా అన్నారు.

వారు గమనించని సంగతి ఒకటుంది. అతడు వంతెన ఎక్కింది లోకాన్ని ఆశ్చర్యపరచడానికి కాదు. తన లోపాలు తనకు తెలుసు; వాటిని తొలగించుకోవడానికే ఎక్కాడు. ఇనుము నుంచి కర్బనం తొలగినప్పుడు రంగు పెద్దగా మారదు. మారేది అది మోయగల బరువు. ఆ బరువును రోలిన్స్ ఆపైన యాభై ఏళ్లపాటు మోశాడు.

అతని అన్వేషణ అతణ్ణి మన దేశానికి కూడా తీసుకువచ్చింది. 1960ల చివర బొంబాయి సమీపంలోని పవాయిలో, స్వామి చిన్మయానంద ఆశ్రమంలో అతడు కొన్ని నెలలు గడిపి వేదాంతం, యోగం అధ్యయనం చేశాడు. కళ్లు మూసుకుని కూర్చుంటే మనసు నిలవడం లేదని అక్కడ మొరపెట్టుకున్నాడు. శాక్సఫోను వాయించడమే నీకు ధ్యానం అన్న అర్థం వచ్చే సమాధానం లభించింది. ఆ మాట తనను జీవితాంతం నడిపించిందని అతడు చెప్పుకున్నాడు. కర్మయోగం అనే మాటకు మనకు ఇంతకంటె తేలికైన వ్యాఖ్యానం అక్కరలేదు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలినప్పుడు రోలిన్స్ ఇల్లు వాటికి కొద్ది వీధుల దూరంలోనే ఉంది. డెబ్బై ఒకటవ ఏట అతడు ఇల్లు ఖాళీ చేసి బయటపడ్డాడు. చేతిలో ఉన్నది శాక్సఫోను. నాలుగు రోజుల తరువాత, భార్య పట్టుదల మీద, బోస్టన్‌లో కచేరీ చేశాడు. 2012 తరువాత ఊపిరితిత్తుల వ్యాధి వల్ల వేదికకు దూరమయ్యాడు. 2014లో వాద్యాన్ని పూర్తిగా పక్కన పెట్టాడు. ‘శాక్సఫోన్ కొలోసస్’ను అమెరికా జాతీయ గ్రంథాలయం, కలకాలం భద్రపరచదగిన ధ్వనిముద్రణల 2016 సంవత్సరపు జాబితాలో చేర్చింది. విలియమ్స్‌బర్గ్ వంతెనకు రోలిన్స్ పేరు పెట్టాలని న్యూయార్కులో కొందరు అభిమానులు ఉద్యమించారు.

భిలాయిలో తయారైన పట్టాల మీద మన రైళ్లు నడుస్తాయి. కింద ఉన్న పట్టా ఎన్ని కొలిములు దాటి వచ్చిందో ప్రయాణికులు ఆలోచించరు. ఆలోచించనవసరం కూడా లేదు. పట్టా విరగకుండా ఉంటే చాలు. ‘సెయింట్ థామస్’ వింటూ కాలితో తాళం వేసే శ్రోతకు కూడా ఆ వాయించినవాడి జైలు, చికిత్సాలయం, మిత్రుని మరణం, ఉక్కు వంతెన తెలియవలసిన అవసరం లేదు. కాని ఒక విద్యను చేపట్టి, నలుగురూ మెచ్చుకున్న తరువాత కూడా లోలోపల ఏదో వెలితిగా ఉన్నదని బాధపడేవారికి మాత్రం అవి తెలిసి ఉండడం మంచిది. ఆ వెలితి అపజయానికి గుర్తు కాదు. పని ఇంకా మిగిలి ఉన్నదన్న కబురు మాత్రమే.